పదకొండు ఎడమచేతులు

గొల్లలపేట, బొబ్బిలి తాలూకా,
13-2-1983.

రాయపూర్‌లో రైలు డబ్బాలు బాగుచేసే మా బావ జోగయ్యకి, ఇక్కడ తప్పెటలు బాగుచేసుకుంటూ కూర్చున్న బంగారయ్య రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. గేదె ఈనింది. నువ్వు కూడా క్షేమమనే అనుకుంటున్నాను. అనుకోక తప్పదు, ఎందుకంటే ఏడాదికి పైగా నీ ఉత్తరాలన్నీ మా చెల్లి నాంచారమ్మ చేతిరాతతోనే వస్తున్నాయి. అందులో నీ సంగతి తప్ప అన్నీ ఉంటున్నాయి. సొంత బావకి రెండు ముక్కలు రాయడానికి కూడా బద్ధకమైతే ఎలా?

అసలు విషయం వినుకో. ఈ వైశాఖ పున్నమికి మన గురువు అచ్చయ్యగారు పోయి పాతికేళ్ళు. మూడేళ్ళకోసారి చేసుకునేదే అయినా ఈసారి ఘనంగా చెయ్యాలని ఊరు పట్టుదలగా ఉంది. పద్ధతి నీకు కొత్త కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతివాడూ తన శిష్యుల్ని వెంటబెట్టుకుని రావాలి. తప్పెట గుండెకి కట్టుకుని, గజ్జెలు కట్టుకుని, సమాధి చుట్టూ అందరూ ఒకే వలయంగా తిరుగుతూ గురువుగారి దరువు కొట్టాలి. శిష్యులు లేనివాడి తప్పెటా, కొట్టలేనివాడి తప్పెటా సమాధి గోడకి మేకు కొట్టి తగిలించేస్తాం. అక్కడితో వాడి వరస ఆగిపోయినట్టు లెక్క. కోటయ్యకి చెయ్యి పడిపోయినప్పుడు నేనే స్వయంగా అతని తప్పెట విప్పి తగిలించాను. గురువుగారి నలుగురు శిష్యుల్లో ఇక మిగిలింది నువ్వూ నేనూ.

నువ్వు రెండుసార్లు సెలవు దొరకలేదన్నావు. ఈసారి రాకపోతే నేను ఊరుకున్నా ఊరు ఊరుకోదు.

ఇట్లు,
బంగారయ్య.

తా.క.: శిష్యులంటే తప్పెట కొట్టేవాళ్ళు. పోయినసారి నువ్వు 'ఇద్దరు తయారయ్యారు' అని రాశావు. ఒకడు నీకు టీ తెచ్చేవాడనీ, ఇంకోడు నీ తప్పెట మోసేవాడనీ తరవాత తెలిసింది. మోసేవాళ్ళకి ఇక్కడ కరువు లేదు.


మోవా, రాయపూర్,
27-2-1983.

ఊరినీ గురువుగారి సమాధినీ కనిపెట్టుకుని ఉన్న బంగారయ్య బావకి, జోగయ్య నమస్కారాలు.

ఉత్తరం నేను రాయనందుకు కోపం వచ్చిందన్నమాట. బావా, నాకిప్పుడు హోదా పెరిగింది. వర్క్‌షాపులో సుత్తి దించేసి నన్ను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. డ్యూటీకి వచ్చేవాళ్ళకి నంబరు బిళ్ళలు అందిస్తాను, వెళ్ళేటప్పుడు తీసుకుంటాను. కుర్చీ ఉద్యోగం చేసేవాడు తన ఉత్తరాలు తను రాసుకోడు, చెప్పి రాయిస్తాడు. పెద్దవాళ్ళ పద్ధతులు నీకెలా తెలుస్తాయి?

నా శిష్యులు పదకొండు మంది. టీ తెచ్చేవాణ్ణి లెక్కలోంచి తీసేశాను. ఆరుగురు మన వైపు నించి వచ్చి రైల్వేలో స్థిరపడ్డవాళ్ళ పిల్లలు, ఇప్పుడు వాళ్ళే పిల్లల తండ్రులు. వాళ్ళకి పెద్ద పున్నయ్య, నాతోపాటు వర్క్‌షాపులోనే ఖలాసీ. మిగతా అయిదుగురూ ధర్సీవా వైపు రావుతులు. వాళ్ళూ మనలాగే పశువుల్ని నమ్ముకున్నవాళ్ళు, దీపావళి వెళ్ళాక కర్రలు పట్టుకుని ఊరూరా ఆడతారు. వాళ్ళ పెద్ద బుధ్‌రామ్, మోవాలో ఇంటింటికీ సైకిల్ మీద పాలు పోస్తాడు. ఒకరోజు మా గుమ్మంలో పాలు పోస్తూ గోడకున్న తప్పెట చూసి, 'యే కా బాజా హే గురూజీ' అన్నాడు, ఇదేం వాయిద్యం అని. చెప్పాను. మర్నాడు నలుగుర్ని తీసుకొచ్చాడు.

వాళ్ళకి తెలుగు రాదు, నా హిందీ నీకు తెలుసు. అయినా దరువుకి భాషతో పనేముంది? ముందు నోటితో పలికిస్తాను. నోటికి రానిదే చేతికి ఇవ్వను. నాలుగు నెలలు తప్పెట ముట్టనివ్వలేదు, తొడల మీదే కొట్టించాను. ఇప్పుడు పదకొండు మందీ ఒక్కడిలా కొడుతుంటే, బావా, నేను పలికించడం ఆపి వింటాను. గురువుగారు ఉంటే బాగుండేదనిపిస్తుంది. పున్నమికి వస్తున్నాం.

ఇట్లు నీ బావ,
జోగయ్య.

తా.క.: అన్నయ్యా, నేను నాంచారమ్మని. బుధ్‌రామ్ పాలు కొలుస్తూ కూడా నోట్లో దరువు పలుకుతున్నాడు. నిన్న నాలుగు గిద్దెలు పొయ్యాల్సినచోట తాళం సరిపోలేదని అయిదు పోశాడు. ఈ విద్య నాకు బాగానే ఉంది.


గొల్లలపేట,
20-3-1983.

కుర్చీలో కూర్చున్న జోగయ్య బావగారికి, నేల మీద కూర్చున్న బంగారయ్య రాయునది.

నీ ఉత్తరం ఊరంతా చదివి వినిపించాను. పదకొండు మంది అన్నచోట రెండుసార్లు చదివాను. తరవాత వారం తిరక్కుండా మన టి.సి. మల్లేశ్వరరావు వచ్చాడు. రాయపూర్‌లో దిగి, మీ ఇంట్లో ఫలహారం చేసి, మైదానంలో మీ వాళ్ళ సాధన చూసి వచ్చానన్నాడు. ఎలా ఉందని అడిగాను.

'బాగానే కొడతన్నార్రా బంగారయ్యా. కానీ పదకొండు మందీ ఎడం సేత్తో కొడతన్నారేటి?' అన్నాడు.

నేను నవ్వాను. తరవాత అన్నం ముందు కూర్చుంటే సహించలేదు. లోకంలో ఎడమచేతివాటం వాడు ఒకడుంటాడు, ఇద్దరుంటారు. పదకొండు మందిని ఎక్కణ్ణించి ఏరి తెచ్చావు?

నీకు నేను చెప్పాలా బావా? కుడిచెయ్యి దెబ్బ వేస్తుంది, ఎడమచెయ్యి అంచు మీద వేళ్ళతో జవాబు చెప్తుంది. చెయ్యి ఎటు పడితే కాలు అటే పడుతుంది. ఎడమచెయ్యి దెబ్బ వేస్తే ఎడమకాలే లేస్తుంది, మనిషి వలయంలో ఎదురు తిరుగుతాడు. సమాధి దగ్గర నా పద్నాలుగు మంది ఒక వైపూ నీ పదకొండు మంది ఇంకో వైపూ తిరిగితే ఏమవుతుంది? గురువుగారికి దరువు వినబడదు, తలకాయలు గుద్దుకున్న చప్పుడు వినబడుతుంది.

సంగతేమిటో వెంటనే రాయి.

బంగారయ్య.

తా.క.: మీ మేనత్త ఒకావిడ దోసెలు ఎడమచేత్తో తిప్పేది, నాకు గుర్తుంది. మీ రక్తంలో ఉందేమో కనుక్కో. ఆ పాలాయన కూడా మీ మేనత్త తరఫు చుట్టమైతే ముందే చెప్పు.


మోవా,
2-4-1983.

టి.సి.గారి మాటే వేదమనుకున్న బంగారయ్య బావకి, జోగయ్య రాయించునది.

మల్లేశ్వరరావు ఎక్కడ కూర్చుని చూశాడు? వాళ్ళకి ఎదురుగా కూర్చుని చూశాడు. ఎదురుగా ఉన్నవాడి కుడిచెయ్యి మనకి ఎడమ వైపు కనబడుతుంది. అద్దంలో చూసుకుంటే నీ పుట్టుమచ్చ అటు మారదా? ముప్ఫై ఏళ్ళు టిక్కెట్లు తిప్పి తిప్పి చూసినవాడికి ఆ మాత్రం తెలీదా? ఇంతదానికి అన్నం మానేశావా బావా?

ఇక్కడ ఎండలు ముదిరాయి. తప్పెట చర్మం సెగ చూపించక్కర్లేకుండానే బిగిసిపోతోంది. సాధన బాగా సాగుతోంది. చిన్న చిన్న అనుమానాలు పెట్టుకోకు.

నీ బావ,
జోగయ్య.

తా.క.: అన్నయ్యా, టి.సి.గారు చూసిన మాట నిజమే. చూస్తున్నంతసేపూ ఆయన ఒళ్ళో మిరపకాయ బజ్జీల పళ్ళెం ఉంది. పదకొండు మందినీ లెక్కపెట్టారు గాని, బజ్జీలు మాత్రం లెక్కపెట్టలేదు. - నాంచారి.


గొల్లలపేట,
17-4-1983.

జోగయ్యకి, బంగారయ్య రాయునది.

ఈసారి బావా అని రాయడం లేదు, గమనించు.

నీ అద్దం మాట నిజమేమోనని పరీక్ష పెట్టాను. నా పద్నాలుగు మందినీ వీధిలో నిలబెట్టి కొట్టించాను. మల్లేశ్వరరావుని ఎదురుగా నిలబెట్టాను, వెనక నిలబెట్టాను, పక్కన నిలబెట్టాను. అన్నివైపుల నించీ ఒకటే మాట. 'ఈళ్ళు కుడి. ఆళ్ళు ఎడమ. నా ఉద్దోగం మీద ఒట్టు' అన్నాడు.

అయితే నువ్వు అబద్ధం చెప్పావు. ఎందుకు చెప్పావా అని వారం రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఒక్కటే, రాయడానికి చెయ్యి రావడం లేదు గాని రాస్తాను. విద్య దాచుకునే గురువులు ఉంటారు. శిష్యుడు తనని మించిపోతాడన్న భయంతో తిరగేసి నేర్పుతారు. వాడు జన్మంతా కొడతాడు గాని అసలుది వాడికి అందదు. పైగా వాళ్ళలో సగం మంది మనవాళ్ళు కారు కదా అనుకున్నావేమో. అచ్చయ్యగారు నిన్ను ఇంట్లో పెట్టుకుని, తన కంచం పక్కన కంచం పెట్టి నేర్పింది ఇందుకా? ఆయన ఏం దాచుకున్నాడు నీ దగ్గర?

పున్నమిలోగా వాళ్ళ చేతులు సరిదిద్దు. లేదా నీ తప్పెట గోడెక్కుతుంది. నేనే వచ్చి చూస్తాను.

బంగారయ్య.

తా.క.: నీ మీద కోపం వేరు, ఇది వేరు. మల్లేశ్వరరావుని అన్ని వైపులా తిప్పేసరికి కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడ్డాడు. మీ అక్క మజ్జిగ పట్టి లేపింది. గొల్లలపేట మనిషి ఎవడు రైలెక్కినా టిక్కెట్ చూడకుండానే దింపేస్తానంటున్నాడు.


మోవా,
29-4-1983.

బంగారయ్య బావకి, జోగయ్య.

నువ్వు బావా అనకపోయినా నేను అంటాను.

రావద్దు. ఇక్కడ మనుషులు పగలు తలకి తువ్వాలు చుట్టుకోకుండా గడప దాటడం లేదు. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు. వర్క్‌షాపుకి పెద్దాఫీసర్లు తనిఖీకి వస్తున్నారు. ఇంకా కావాలంటే మరో నాలుగు కారణాలు నాంచారి రాస్తుంది.

నేను విద్య దాచుకున్నానని రాశావు. నన్ను ఏమన్నా పడేవాణ్ణి. ఆ మాట పడలేను. బావా, నా దగ్గర ఉన్నదంతా వాళ్ళకి ఇచ్చేశాను. లేనిది ఇవ్వలేకపోయాను, అంతే. బుధ్‌రామ్ తెల్లారి లేచి ఇరవై ఇళ్ళకి పాలు పోసి, ఎండలో ధర్సీవా వెళ్ళి, సాయంత్రం మళ్ళీ సైకిల్ తొక్కుకుంటూ వస్తాడు. అతన్ని మోసం చేస్తే నాకు అన్నం పుడుతుందా? మనవాళ్ళు, పరాయివాళ్ళు అన్న తేడా గురువుగారు నాకు నేర్పలేదు. నీకు నేర్పి ఉంటే నాకు తెలీదు.

వాళ్ళ చేతులు ఇప్పుడు మార్చలేను. ఎందుకని అడక్కు. నా తప్పెట గోడెక్కించాలంటే ఎక్కించు, పార్సెల్ కట్టి నేనే పంపిస్తాను, మేకు సిద్ధంగా పెట్టుకో. నేను రాను. ఆ పదకొండు మందిని మాత్రం వలయంలో నిలబడనివ్వు. గురువుగారి దరువు నాతో ఆగిపోకూడదు. నేను అడిగేది ఇదొక్కటే, ఇంకేమీ అడగను.

జోగయ్య.

తా.క.: అన్నయ్యా, ఇది పోస్టు డబ్బా ముందు నిలబడి రాస్తున్నాను, మీ బావ చూడలేదు. నువ్వు రా. చెప్పకుండా రా. ఉత్తరం రాసి మాత్రం రాకు, నీ ఉత్తరాలకి జవాబు రాసేది నేనైనా, ముందు విప్పేది ఆయనే. పళ్ళతో విప్పుతారు.


గొల్లలపేట,
12-5-1983.

మా బావ జోగయ్యకి, బంగారయ్య రాయునది.

పోయిన మంగళవారం నేను రాయపూర్‌లో ఉన్నాను. మీ ఇంటికి రాలేదు. బిలాస్‌పూర్ రోడ్డు పక్క మైదానం దగ్గర సమోసాల బండి వెనక, తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకుని గంటన్నర నిలబడ్డాను. బండివాడు నన్ను దొంగనుకున్నాడు. అనుమానం పోగొట్టడానికి ఆరు సమోసాలు తినాల్సివచ్చింది, ఇప్పటికీ అరగలేదు.

నిన్ను చూశాను. కుర్చీలో కూర్చున్నావు. తప్పెట ఒళ్ళో ఉంది. నీ కుడిచెయ్యి తువ్వాలు కింద, ఎవరిదో తెచ్చి అక్కడ పెట్టినట్టు పడి ఉంది. గంటన్నరలో అది ఒక్కసారీ కదల్లేదు. కదులుతుందని నేను చూస్తూనే ఉన్నాను బావా. నోటితో పలికి, ఎడమచేత్తో వేసి చూపిస్తున్నావు. నీ ముందు పదకొండు ఎడమచేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. దరువులో ఒక్క అక్షరం తప్పలేదు. కళ్ళు మూసుకుంటే అచ్చయ్యగారి ముందు కూర్చున్నట్టుంది. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, తెరవాలంటే భయమేసింది.

నాంచారి బిందె పట్టుకుని కుళాయికి వెళ్తూ నన్ను చూసింది. ఎప్పుడొచ్చావని కూడా అడగలేదు. 'ఏడాదిన్నరయింది అన్నయ్యా. చూశావు కదా. ఇంక వెళ్ళు' అంది. అంతే. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సాధన అయ్యాక నువ్వు ఇంటికి నడిచావు. అప్పుడు నీ పున్నయ్యని ఆపాను. నేనెవరో చెప్పాను. ఇలాంటప్పుడు కూడా నా నోరు ఊరుకోదు కదా. 'మీ గురువుకి కుడిచెయ్యి లేదు గనక ఎడమచేత్తో చూపించాడు, సరే. మీకున్నాయి కదా చేతులు? అసలు పద్ధతి ఏమిటో మీకు తెలీదా?' అని అడిగాను.

'తెలుసండి. నేను మా నాన్నతో మన ఊరు వచ్చి, మీ జట్టు ఆడగా చిన్నప్పుడే చూశాను. కుడిచేత్తో కూడా కొట్టగలం. ఆయన ఎదుట కొట్టం' అన్నాడు.

పక్కనే బుధ్‌రామ్ సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. మేం ఏం మాట్లాడుకుంటున్నామో అతనికి అర్థమైపోయింది. 'హమన్ ఓ హాథ్ లే బజాబో, త గురూజీ లా బనే నై లాగహీ' అన్నాడు. మేం ఆ చేత్తో కొడితే గురువుగారి మనసు బాగుండదు అని పున్నయ్య నాకు చెప్పాడు. మొదటివారంలోనే పదకొండు మందీ మాట్లాడుకున్నారట. ఆయన నోరు తెరిచి చెప్పేదాకా మనం అడగొద్దు, మన కుడిచేతులు ఆయన కళ్ళబడనివ్వొద్దు అని. పాలాయనది అసలు కుడిచేతివాటం. ఎడమచేత్తో దెబ్బ కుదరడానికి ఏడు నెలలు పట్టిందట. ధర్సీవా దారిలో సైకిల్ హ్యాండిల్ మీద ఆ చేత్తోనే సాధన చేశాడు, రెండుసార్లు కాలవలో పడ్డాడు.

ఈ సంగతి నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నా కడుపులో మాట ఆగదని తెలియక వేయించుకున్నారు. నేను చెప్పకపోతే నువ్వు పున్నమికి రావు, అందుకని ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. దెబ్బ కుడిచేతిదని నువ్వు వాళ్ళకి తెలీకుండా దాచావు. వాళ్ళు తమకి తెలుసని నీకు తెలీకుండా దాచారు. మా చెల్లి అందరి దగ్గరా దాచింది. నేనొక్కణ్ణే ఏమీ తెలీకుండా ఊరంతా వినేలా అరిచాను.

ఎందుకు దాచావో అడగను. నాకు తెలుసు. కోటయ్యకి చెయ్యి పడిపోయినప్పుడు నేనేం చేశానో నువ్వు కళ్ళారా చూశావు. ఆ పద్ధతి అచ్చయ్యగారు పెట్టింది కాదు బావా. శిష్యులు లేనివాడి తప్పెట తగిలించమన్నారు, అంతవరకే. కొట్టలేనివాడిది కూడా అన్న ముక్క నాది. అప్పుడు నాకు నా జట్టే గొప్పగా కనబడాలని ఉండేది. తప్పెట తీసేశాక కోటయ్య రెండేళ్ళు బతికాడు. మంచం పట్టె మీద ఒక్క చేత్తో దరువు వేసుకుంటూ ఉండేవాడు. నేర్చుకుంటానని అతని గుమ్మం ఎవరూ తొక్కలేదు, వరస ఆగిపోయిందని నేను చాటింపు వేశాను గనక. అతని దగ్గర ఎంత ఉందో, ఎంత పోయిందో ఇప్పుడు ఎవరు చెప్తారు? నీ దగ్గర పదకొండు మంది కూర్చున్నారు. కోటయ్య దగ్గర కూడా కూర్చునేవారు. నేను కూర్చోనివ్వలేదు.

విద్య దాచుకున్నావని రాసిన ఉత్తరం చింపెయ్యి. నీ ఒంటిచేత్తో చింపలేకపోతే నాంచారి చేత చింపించు.

ఇక పున్నమి సంగతి. వలయం ఒకటే ఉండాలి, చేతులన్నీ ఒకవైపే లేవాలి. నీ పదకొండు మందిని మార్చడానికి నాకు మనసొప్పదు. అందుకని రైలు దిగిన మర్నాడే నా పద్నాలుగు మందినీ పిలిచి ఎడమచేత్తో మొదలుపెట్టించాను. చూడలేకపోతున్నాం బావా. ముప్ఫై ఏళ్ళు ఆడినవాళ్ళు పసిపిల్లల్లా తడబడుతున్నారు. ఒకడు తప్పెట బదులు పక్కవాడి భుజం మీద కొట్టాడు. గజ్జెలు ఒకటి చెప్తున్నాయి, చేతులు ఇంకోటి చెప్తున్నాయి. ఎలా చూపించాలో నాకూ తెలీదు, ఆ చేత్తో నాకు అన్నం కలపడం కూడా రాదు.

నువ్వు పది రోజులు ముందుగా రావాలి. కుర్చీ వేసి ఉంచుతాను. ఆఫీసర్ల తనిఖీ ఉందని మళ్ళీ రాయకు, ఏ తనిఖీ లేదని పున్నయ్య చెప్పాడు. నోటితో పలికించు, తొడల మీద కొట్టించు, నాలుగు నెలలది పది రోజుల్లో ఎలా నేర్పుతావో నీ ఇష్టం. శిష్యులు పద్నాలుగు మంది అన్నాను, కాదు, పదిహేను. పదిహేనోవాడికి అరవై రెండేళ్ళు. మొండివాడు, ఇన్నాళ్ళూ తనే గురువుననుకున్నాడు. కాస్త ఓపిక పట్టి నేర్పు.

నీ రాక కోసం చూసే
బంగారయ్య.

తా.క.: మల్లేశ్వరరావుకి అన్నీ చెప్పాను. తన మాటే నిజమైందని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు, తరవాత మా అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. మీరంతా ఎక్కే బండికి తనే డ్యూటీ వేయించుకుంటాడట. నాంచారిని బజ్జీలు చేసి తెమ్మన్నాడు.